మిగిలిన పళ్ళే ఆధారం

గుంటూరు వైపు పెళ్ళి భోజనాల్లో పెద్దవాళ్ళ విస్తళ్ళు చూస్తే ఎవరి నోట్లో ఎన్ని పళ్ళున్నాయో ఇట్టే తెలిసిపోతుంది. ముద్దపప్పు, పెరుగన్నం ఖాళీ అవుతాయి. గారె అంచు కొరికి వదిలేసి ఉంటుంది. వేపుడు ముక్కలు ఓ పక్కకు చేరతాయి. అప్పడం పప్పులో నాని మెత్తబడ్డాకే నోట్లోకి వెళ్తుంది. "పళ్ళు కట్టించుకున్నావు కదా పెద్దమ్మా, పెట్టుకోలేదేం?" అని పక్కనున్న పిల్ల అడిగితే తరచూ వచ్చే జవాబు ఒకటే: "గుచ్చుకుంటున్నాయమ్మా, తీసి బీరువాలో పెట్టాను."

డబ్బు ఖర్చుపెట్టి, నాలుగైదుసార్లు డాక్టరు చుట్టూ తిరిగి చేయించుకున్న సెట్టు అలా మూలన పడడానికి చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది. ఒక అంచు ఒరుసుకుంటుంది. ఒక క్లిప్పు బిగుతుగా ఉంటుంది. ఒకవైపు పళ్ళు ముందుగా తగులుతుంటాయి. డాక్టరు దగ్గర పది నిమిషాల్లో సరిచేయగల పనులివి. కానీ ఊరి నుంచి మళ్ళీ బయల్దేరాలి, తోడుకు ఎవరో ఒకరు రావాలి. కోతల రోజులైతే అది అసలే కుదరదు. "తర్వాత చూద్దాంలే" అనుకున్న నెలరోజుల్లో పక్క పళ్ళు కొద్దిగా జరుగుతాయి. ఆ తర్వాత సెట్టు నిజంగానే పట్టదు.

పళ్ళ సెట్టు విషయంలో అందరూ గుర్తుంచుకోవలసినవి రెండు. పెట్టించుకున్న మొదటి నెలలో డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళడం మొదటిది. సెట్టు పట్టుకుని నిలబడేది మిగిలిన సొంత పళ్ళ మీదే కాబట్టి, ఇక నుంచి వాటిని మునుపటికన్నా జాగ్రత్తగా కాపాడుకోవడం రెండోది.

ఖాళీ అలాగే ఉండిపోదు

పెద్దవాళ్ళ నోట్లో జ్ఞానదంతాలతో కలిపి 32 పళ్ళు. వాటిలో ఒక దవడ పన్ను పుచ్చిపోయి పీకించేస్తే, నొప్పి పోయింది కదా అని చాలామంది అంతటితో వదిలేస్తారు. నోరు మాత్రం ఊరుకోదు. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళు మెల్లగా అందులోకి వాలతాయి. ఎదుటి దవడలోని జోడీ పన్నుకు అడ్డు లేక అది ఖాళీలోకి దిగడమో లేవడమో మొదలవుతుంది. సందులు పెరిగి అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి. అక్కడ పాచి, ఆపైన గార, చివరికి చిగురు జబ్బు. నమలడం మొత్తం రెండోవైపుకే మళ్ళడంతో ఆవైపు పళ్ళు కూడా తొందరగా అరుగుతాయి.

ఈ ఖాళీలు పూడ్చడానికి మూడు దారులున్నాయి. ఎముకలో స్క్రూ దించి దాని మీద పన్ను నిలబెట్టే ఇంప్లాంట్ ఒకటి. పక్క పళ్ళను అరగదీసి వాటి ఆధారంతో కట్టే బ్రిడ్జి ఇంకొకటి. మూడోది తీసి పెట్టుకునే సెట్టు. దీన్ని డాక్టర్లు రిమూవబుల్ పార్షియల్ డెంచర్ అంటారు, క్లినిక్కుల్లో పొట్టిగా ఆర్‌పీడీ అంటుంటారు. ఎక్కువ పళ్ళు పోయినవాళ్ళకు, చివరి దవడ పళ్ళు లేక బ్రిడ్జికి వెనక ఆధారం దొరకనివాళ్ళకు, ఇంప్లాంట్ ఖర్చు భరించలేనివాళ్ళకు ఇదే అందుబాటులో ఉన్న మార్గం.

ఈ సెట్లలోనూ రకాలున్నాయి. గులాబీ రంగు అక్రిలిక్ ప్లేటు మీద పళ్ళు అతికించి, పక్క పళ్ళను పట్టుకోవడానికి స్టీలు తీగ క్లిప్పులు పెట్టేది అన్నిటికన్నా చవక. 1930ల చివర్లో అక్రిలిక్ వాడకంలోకి వచ్చేదాకా ఈ ప్లేట్లను గట్టిపరచిన రబ్బరుతో చేసేవారు. రెండో రకం కాస్ట్ పార్షియల్. కోబాల్ట్, క్రోమియం కలిసిన లోహాన్ని కరిగించి అచ్చుపోసి పలుచటి చట్రం తయారుచేస్తారు. ఖరీదు ఎక్కువే అయినా అది అంగిలిని తక్కువగా కప్పుతుంది, అంత సులువుగా విరగదు, వేడీ చల్లదనమూ నోటికి బాగా తెలియనిస్తుంది. మూడోది వంగే నైలాన్‌తో చేసే ఫ్లెక్సిబుల్ సెట్టు. దీనికి లోహపు క్లిప్పులు కనబడవు, చూడ్డానికి బాగుంటుంది. కానీ వదులైనా, విరిగినా అక్రిలిక్ సెట్టును బాగుచేసినంత తేలిగ్గా దీన్ని బాగుచేయలేరు.

ఏ రకం ఎవరికి నప్పుతుందో చెప్పడానికి డాక్టరు ముందు చూసేది ఖాళీలు ఎక్కడున్నాయనే. ఖాళీల చోటును బట్టి నోళ్ళను నాలుగు తరగతులుగా విడదీసే పద్ధతిని 1925లో ఎడ్వర్డ్ కెనెడీ అనే దంతవైద్యుడు ప్రతిపాదించాడు. నేటికీ అన్ని దంత కళాశాలల్లో అదే నేర్పుతారు. ఆ తేడా పెట్టుకునేవాళ్ళకూ అనుభవంలోకి వస్తుంది. ఖాళీకి ముందూ వెనకా సొంత పళ్ళుంటే సెట్టు రెండువైపులా గట్టి ఆధారం మీద కూర్చుంటుంది. వెనక పళ్ళు మొత్తం పోతే దాని ముందు భాగం పళ్ళ మీద, వెనక భాగం మెత్తటి చిగురు మీద ఆనుతుంది. రెండు కాళ్ళు గచ్చు మీద, రెండు కాళ్ళు తడిసిన పొలంలో మోపిన బల్ల లాంటి పరిస్థితి అది. నమిలిన ప్రతిసారీ వెనక భాగం కాస్త కిందికి దిగుతుంది, ఆ ఊపు క్లిప్పు పట్టుకున్న పన్ను మీద పడుతుంది. పక్కింటాయన సెట్టు చక్కగా పట్టి, తనది కదులుతుంటే అది డాక్టరు తప్పే అయి ఉండాలని లేదు.

అచ్చు నుంచి నోటి దాకా

సెట్టుకు కొలతలిచ్చే ముందే చేయవలసిన పని కొంత ఉంటుంది. గార తీయించాలి, పుచ్చులు పూడ్పించాలి, నిలబడని పళ్ళు పీకించాలి. ఆ తర్వాతే అచ్చు. డాక్టరు పొడిని నీళ్ళతో కలిపి ట్రేలో వేసి నోట్లో పెట్టే చల్లటి ముద్ద పేరు ఆల్జినేట్. సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచు నుంచి తీసే పదార్థం అది. రెండుమూడు నిమిషాల్లో రబ్బరులా గట్టిపడుతుంది. ఆ కాసేపు వాంతి వచ్చేలా అనిపిస్తే తల కాస్త ముందుకు వంచి ముక్కుతో నిదానంగా గాలి పీలిస్తే తగ్గుతుంది.

ఆ అచ్చులో ప్లాస్టర్ లాంటి పొడి పోసి నోటి నమూనా చేస్తారు. పైపళ్ళు, కిందపళ్ళు ఎలా కలుస్తున్నాయో మైనంతో కొలత తీసుకుంటారు. మిగిలిన పళ్ళ రంగుకు దగ్గరగా ఉన్న రంగు ఎంచుతారు. మైనం మీద పళ్ళు పేర్చి ఒకసారి నోట్లో పెట్టి చూపిస్తారు. మొహమాటం లేకుండా మాట్లాడవలసిన సమయం అదే. ముందు పళ్ళు పెద్దవిగా ఉన్నాయనో, పెదవి ఉబ్బినట్టుందనో, రంగు మరీ తెల్లగా ఉందనో అప్పుడే చెప్పాలి. మైనంలో పన్ను జరపడం నిమిషం పని, అక్రిలిక్ గట్టిపడ్డాక అది కుదరదు. ఇంట్లోవాళ్ళను ఎవరినైనా ఆ రోజు వెంట తీసుకెళ్ళడం మంచిది.

మొదటి నెల

సెట్టు పెట్టిన రోజు నోరంతా నిండిపోయినట్టు ఉంటుంది. లోపలికి ఏదో తినే వస్తువు వచ్చిందనుకుని నోరు లాలాజలాన్ని ఊరిస్తుంది. మాటిమాటికీ ఉమ్మకుండా మింగుతూ ఉంటే కొద్ది రోజుల్లో అది తగ్గిపోతుంది. నాలుక కొత్త అంచులను వెతుకుతుంటుంది. బుగ్గ ఒకటి రెండుసార్లు పళ్ళ కింద పడవచ్చు. చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో సెట్టు ఉన్న సంగతే గుర్తుండదు. అప్పటిదాకా రోజూ పెట్టుకోవడమే సాధన. ఫంక్షన్లకు మాత్రమే పెట్టుకుందామనుకున్నవాళ్ళకు అది ఎన్నటికీ అలవాటు కాదు.

నొప్పి సంగతి వేరు. మొదటి వారంలో చిగురు మీద ఒకటి రెండు చోట్ల ఎర్రబడడం, చిన్న పుండు పడడం మామూలే. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది, కానీ ప్లేటు అంచు మారదు కదా! ఇంట్లో గరుకు కాగితంతోనో బ్లేడుతోనో అంచు గీకుతారు కొందరు. ఎక్కడ ఎంత తీయాలో కంటికి కనబడదు కాబట్టి నొప్పి ఉన్న చోటు వదిలేసి ఆధారం ఇచ్చే చోటు గీకేస్తారు. మర్నాడొకసారి, వారానికొకసారి వచ్చి చూపించుకోమని డాక్టర్లు చెప్పేది ఈ సర్దుబాట్ల కోసమే. పుండు బాధిస్తే సెట్టు తీసి పక్కనపెట్టవచ్చు. అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు కొన్ని గంటలపాటు దాన్ని పెట్టుకునే ఉండాలి. అప్పుడే చిగురు మీద ఒరుసుకున్న గుర్తు స్పష్టంగా కనబడి, సరిగ్గా అక్కడే అరగదీయగలుగుతారు.

మాట తేడా పడిందని దిగులు పడేవాళ్ళూ ఎక్కువే, ముఖ్యంగా టీచర్లు, దుకాణదార్లు, పురోహితులు. తెలుగు పలకడంలో పైపళ్ళకూ అంగిలికీ చాలా పని ఉంది. త, ద, న పలికేటప్పుడు నాలుక కొస పైపళ్ళ వెనక భాగాన్ని తాకుతుంది. ట, డ, ణ, ళ పలకాలంటే అది వెనక్కి మడతపడి అంగిలిని తాకాలి. ఇప్పుడు ఆ చోట్లలో ప్లేటు ఉంది. స, శ పలికేటప్పుడు గాలి సన్నటి సందు గుండా పోవాలి, సందు మారితే ఈల వినిపిస్తుంది. చాప, జామ అనే మాటల్లోని మొదటి అక్షరాలూ కొన్నాళ్ళు మొద్దుబారతాయి.

దీనికి మందు బిగ్గరగా చదవడమే. రోజూ పావుగంట పేపరు పైకి చదివితే నాలుక కొత్త చోటుకు అలవాటు పడుతుంది. ఈ ప్రాంతంవాళ్ళకు రైలు స్టేషన్ల పేర్లే మంచి పాఠం: తెనాలి, చుండూరు, నిడుబ్రోలు, బాపట్ల, అటువైపు వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె. పంటి అక్షరాలు, మడత అక్షరాలు, పెదవి అక్షరాలు అన్నీ ఈ ఏడు పేర్లలోనే దొరుకుతాయి. రంగస్థల నటుడు స్థానం నరసింహారావు పుట్టిన బాపట్లలో, పద్యనాటకాన్ని నెత్తిన పెట్టుకున్న తెనాలిలో నోటికొచ్చిన పద్యాలున్న పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు ఆ పద్యాలనే నెమ్మదిగా, అక్షరం అక్షరం విడదీసి పాడుకోవచ్చు. రెండు మూడు వారాలు గట్టిగా సాధన చేసినా ఈల తగ్గకపోతే, పళ్ళ అమరికలో మార్పు అవసరమేమో డాక్టరు చూడాలి.

తిండి దగ్గర తొందర వద్దు

మొదటి రోజుల్లో ఇడ్లీ, మెత్తటి అన్నం, పప్పు, ఉడికిన కూరగాయలు, అరటిపండు. వారం గడిచాక అట్టు, చపాతీ ముక్కలు, మెత్తగా ఉడికిన మాంసం. ఆపైన గారె, పెసరట్టు. ఏదైనా చిన్న ముక్కలు చేసుకుని, రెండు వైపులా కాస్త కాస్త పెట్టుకుని నమలాలి. ఒక్కవైపే నమిలితే రెండోవైపు ప్లేటు లేస్తుంది. సెట్టులో ముందు పళ్ళున్నవాళ్ళు జామకాయనో మొక్కజొన్న పొత్తునో ముందు పళ్ళతో కొరికి లాగకూడదు, చాకుతో కోసుకుని వెనక పళ్ళతో నమలాలి. జిలేబీ పాకం, వేరుశెనగ చిక్కీ లాంటి అతుక్కునే తీపి ప్లేటును పైకి లాగుతుంది. నువ్వులు, జామగింజలు ప్లేటు కింద చేరి సూదిలా గుచ్చుతాయి. అప్పుడు దవడ బిగబట్టి నమలకుండా, సెట్టు తీసి కడిగి మళ్ళీ పెట్టుకోవాలి. వక్కలు కొరకడం పూర్తిగా మానేయవలసిందే.

ఈ తీరప్రాంతంవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసింది చేపముల్లు గురించి. అన్నంలో కలిసిన సన్నటి ముల్లును ముందు పసిగట్టేది నాలుక, అంగిలి. పై దవడ సెట్టు అంగిలిని కప్పేస్తే ఆ స్పర్శ సగం పోతుంది. ముల్లు గొంతులో ఇరుక్కుని ఆసుపత్రికి వచ్చేవారిలో కట్టుడు పళ్ళవాళ్ళు ఎక్కువగా కనబడడానికి కారణం ఇదేనని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. సూర్యలంక, నిజాంపట్నం చేపలు రోజూ వండుకునే ఇళ్ళలో చేప మానేయమంటే కుదరదు, మానేయనక్కరా లేదు. మొదటి నెల రొయ్యలు, నడిముల్లు తప్ప పెద్దగా ముళ్ళుండని వంజరం లాంటివి ఎంచుకోవచ్చు. సన్నముళ్ళుండే శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపలను వేళ్ళతో విడదీసి, వెలుతురులో చూసి తినాలి. చేప తినేటప్పుడు మాటలూ టీవీ కట్టేయడం మంచిది.

వేడి విషయంలోనూ ఇదే చిక్కు. అక్రిలిక్ వేడిని అంగిలిదాకా పోనివ్వదు. కాఫీ ఎంత వేడిగా ఉందో తెలియకుండానే గొంతులోకి దిగి కాలుతుంది. గుక్క తాగే ముందు పెదవికి ఆనించి చూసుకోవాలి.

భోజనం మధ్యలో సెట్టు తీసి కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెట్టే అలవాటు కొందరికుంటుంది. విస్తరి ఎత్తినప్పుడు దాంతో పాటే పోయే వస్తువది. చిన్న డబ్బా ఒకటి జేబులోనో చేతిసంచిలోనో ఉండాలి. సముద్రస్నానానికి దిగే ముందు కూడా తీసి దాచుకోవాలి, ఒక్క అల చాలు దాన్ని లాక్కుపోవడానికి.

పెట్టడం, తీయడం, కడగడం

సెట్టును పళ్ళ మీద ఆనించి కరిచి కూర్చోబెట్టడం అందరూ చేసే పని. క్లిప్పులు వంగేదీ, ప్లేటు చీలేదీ అక్కడే. అద్దం ముందు నిలబడి, క్లిప్పులు ఏ పళ్ళ మీద కూర్చోవాలో చూసుకుని, రెండువైపులా వేళ్ళతో సమానంగా నొక్కాలి. తీసేటప్పుడు బొటనవేళ్ళ గోళ్ళు రెండువైపులా క్లిప్పు మొదళ్ళ దగ్గర ఆనించి, పై సెట్టయితే కిందికి, కింది సెట్టయితే పైకి ఒకేసారి నెట్టాలి. ఒకేవైపు క్లిప్పు పట్టుకుని లాగితే అది వంగుతుంది, దాన్ని మోస్తున్న పన్ను కదులుతుంది. వదులైన క్లిప్పును కటింగ్ ప్లయర్‌తో బిగించే ప్రయత్నం ఇంట్లో ఎవరూ చేయకూడదు. రెండుమూడుసార్లు వంచిన తీగ తెగిపోతుంది.

భోజనం అయిన ప్రతిసారీ తీసి నీళ్ళతో కడగాలి. రోజుకొకసారైనా మెత్తటి బ్రష్షుతో, కొద్దిగా సబ్బు నీళ్ళతో లోపలా బయటా తోమాలి. టూత్‌పేస్టు పంటికి మంచిదే కానీ అక్రిలిక్‌ను సన్నగా గీస్తుంది. బూడిద, బొగ్గుపొడి, ఇటుక పొడి, ఉప్పు మరీ ఎక్కువగా గీస్తాయి. ఆ గీతల్లో పాచి చేరి వాసన వస్తుంది. క్లిప్పుల లోపలి వైపు తోమడం మరిచిపోతుంటారు, మెతుకు ఎక్కువగా చిక్కేది అక్కడే. తోమేటప్పుడు కింద సగం నీళ్ళున్న బేసిన్‌గానీ, మడిచిన తువ్వాలుగానీ ఉండాలి. సిమెంటు గచ్చు మీద పడితే అక్రిలిక్ రెండు ముక్కలవుతుంది.

మరిగే నీళ్ళలో వేస్తే క్రిములు చస్తాయనుకోవడం పొరపాటు ఆలోచన. వేడికి ప్లేటు ఆకారం మారిపోతే ఇక ఆ నోటికి పట్టదు. బ్లీచింగ్ కలిపిన నీళ్ళు లోహపు క్లిప్పులను తినేస్తాయి. మందుల షాపుల్లో దొరికే నురగ బిళ్ళలను వాడవచ్చు, కానీ నోట్లో పెట్టుకునే ముందు బాగా కడగాలి, బిళ్ళను మాత్రం నోట్లో వేసుకోకూడదు. తీసిన సెట్టు ఆరిపోకుండా మామూలు చల్లటి నీళ్ళలో ఉంచి, ఆ నీళ్ళు రోజూ మార్చాలి.

రాత్రి నోటికి విశ్రాంతి

టోక్యోలో 85 ఏళ్ళు పైబడిన 524 మందిని మూడేళ్ళపాటు గమనించిన జపాన్ పరిశోధకులు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. రాత్రి కట్టుడు పళ్ళతోనే నిద్రపోయేవారికి, తీసి పడుకునేవారికన్నా న్యుమోనియా ముప్పు సుమారు రెండింతలు ఉందని అందులో తేలింది. ప్లేటు కింద పేరుకున్న క్రిములు నిద్రలో లాలాజలంతోపాటు ఊపిరితిత్తుల్లోకి జారడం ఇందుకు ఒక కారణం కావచ్చని అంచనా. పగలంతా నొక్కుకుపోయిన చిగురుకు రాత్రయినా గాలి తగలాలి. రాత్రీపగలూ పెట్టుకునేవాళ్ళ అంగిలి ప్లేటు ఆకారంలోనే ఎర్రబారుతుంది. అది కాండిడా అనే బూజు వల్ల వచ్చే ఇబ్బంది. చాలామందికి నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. షుగరు అదుపులో లేనివాళ్ళకు, మందుల వల్ల నోరు ఎండిపోయేవాళ్ళకు ఇది మరింత తొందరగా వస్తుంది.

నాలుగైదు పళ్ళున్న చిన్న సెట్టయితే ఇంకో ప్రమాదం ఉంది: మింగేయడం. ఇంగ్లండ్‌లో 72 ఏళ్ళ పెద్దాయనకు పొట్ట దగ్గర చిన్న గడ్డ తీయడానికి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. ఆరు రోజులకు గొంతునొప్పి, నోట్లో రక్తం, మింగలేని స్థితితో వచ్చాడు. ఇన్‌ఫెక్షన్ అనుకుని మందులిచ్చి పంపారు. రెండు రోజుల తర్వాత బాధ ముదిరి మళ్ళీ వస్తే, మూడు పళ్ళున్న ఆయన సెట్టు స్వరపేటిక దగ్గర అడ్డంగా ఇరుక్కుని కనిపించింది. ఆపరేషన్‌కు ముందు దాన్ని ఎవరూ తీయించలేదు. 2019లో బీఎమ్‌జే కేస్ రిపోర్ట్స్ పత్రిక ఈ ఉదంతాన్ని ప్రచురించింది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఏ ఆపరేషన్ జరిగినా, మూర్ఛ వచ్చినా, పక్షవాతంతో మింగడం కష్టమైనా, నోట్లో సెట్టు ఉందన్న మాట కుటుంబసభ్యులే ముందుగా చెప్పాలి. అక్రిలిక్ మామూలు ఎక్స్‌రేలో కనబడదు. సెట్టు విరిగి ముక్క కనబడకుండా పోతే, మిగిలిన ముక్కను వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

క్లిప్పు పట్టిన పన్ను

పార్షియల్ సెట్టు పెట్టుకున్నవాళ్ళు తరువాత పోగొట్టుకునే పన్ను తరచూ క్లిప్పు పట్టుకున్నదే అవుతుంది. క్లిప్పుకూ పంటికీ మధ్య పాచి చేరుతుంది, లాలాజలం అక్కడికి సరిగా అందదు, పన్ను మెడ దగ్గర పుచ్చు మొదలవుతుంది. ఆ పన్ను పోతే సెట్టు పట్టు పోతుంది. ఇంకో పంటికి క్లిప్పు మార్చాలి, లేదా సెట్టే కొత్తది చేయించాలి. అందుకే రాత్రి పడుకునే ముందు సెట్టు తీసి, మిగిలిన పళ్ళను ఫ్లోరైడ్ పేస్టుతో నెమ్మదిగా తోముకోవాలి. క్లిప్పు తగిలే పళ్ళకు నాలుగువైపులా, ముఖ్యంగా ఖాళీవైపు ఉన్న గోడకు బ్రష్షు తగలాలి. నాలుక, అంగిలి, ఖాళీ చిగురు కూడా మెత్తటి బ్రష్షుతో రుద్దుకోవాలి. సెట్టు వచ్చాక పళ్ళు తోమడం తగ్గించేవాళ్ళున్నారు; జరగవలసింది దానికి తలకిందులు.

పన్ను పోయిన చోట దవడ ఎముక ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా అరుగుతూనే ఉంటుంది. సెట్టు మారదు, దాని కింద నోరు మారుతుంది. వదులైనప్పుడు పళ్ళను అంటించే పొడులతో నెట్టుకురావడం, విరిగినప్పుడు ఫెవిక్విక్ వేయడం పనిని ఇంకా పాడుచేస్తాయి. జిగురు వేసిన ముక్కలు ఒక వెంట్రుకవాసి తేడాగా అతుక్కున్నా ల్యాబులో సరిగ్గా కలపడం కష్టమవుతుంది. ప్లేటు లోపలివైపు కొత్త పొర వేసి చిగురుకు సరిపెట్టే రీలైనింగ్ అనే పద్ధతి ఉంది. అడగనిదే చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఎక్కడికి వెళ్ళాలి

ఒక్క సిట్టింగులోనే పన్ను కట్టేస్తామనే శిక్షణ లేనివాళ్ళు ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అచ్చు తీయకుండా, పక్క పళ్ళకు తీగ చుట్టి పచ్చి అక్రిలిక్ ముద్దతో అతికేస్తారు. చవకగా అయిపోయినట్టుంటుంది కానీ అది తీసి కడగడానికి వీల్లేనిది. దాని కింద కుళ్ళు పట్టి రెండు మంచి పళ్ళు కూడా పోతాయి. చట్టం ప్రకారం రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవారే పళ్ళ వైద్యం చేయాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడిగే హక్కు ప్రతి రోగికీ ఉంది.

ప్రైవేటు ఖర్చు బరువనుకునేవాళ్ళు దంత కళాశాలల వైపు చూడవచ్చు. బాపట్ల, తెనాలి, రేపల్లెలకు అందుబాటు దూరంలో గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడులో సిబార్ దంత వైద్య కళాశాల, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. అక్కడ ప్రోస్థోడాంటిక్స్ అనే విభాగం పని ఇదే. విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి ఎక్కువసార్లు తిరగవలసి ఉంటుంది, ఖర్చు మాత్రం తగ్గుతుంది. పేద వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే పథకం తెచ్చింది. అది 2017 ఏప్రిల్ 1న మొదలైంది మన నెల్లూరులోనే. అరవై దాటిన పేదలకు ఉచితంగా ఇచ్చే ఉపకరణాల జాబితాలో చేతికర్రలు, వినికిడి యంత్రాలు, కళ్ళద్దాలతోపాటు కృత్రిమ దంతాలూ ఉన్నాయి. శిబిరాల సంగతి జిల్లాలోని వయోవృద్ధుల సంక్షేమ శాఖలో కనుక్కోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక బాపట్ల, రేపల్లెవాళ్ళకు బాపట్ల జిల్లా, తెనాలివాళ్ళకు గుంటూరు జిల్లా అన్నది గుర్తుంచుకుంటే ఒక తిరుగుడు తప్పుతుంది.

ఇబ్బంది ఉన్నా లేకపోయినా ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. వెళ్ళేటప్పుడు సెట్టును డబ్బాలో కాకుండా నోట్లో పెట్టుకునే వెళ్ళాలి, అప్పుడే అది ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ ఊగుతోందో తెలుస్తుంది. వాడుతున్న మందుల చీటీ, షుగరు రిపోర్టు దగ్గరుంచుకోవాలి. క్లిప్పు పళ్ళలో ఏదైనా జివ్వుమన్నా, కదిలినా, చిగురు నుంచి రక్తం వచ్చినా ఆరు నెలలు ఆగక్కర్లేదు. సెట్టు అంచు సరిచేయించాక కూడా రెండు వారాలకు మానని పుండు ఏదైనా ఉంటే, అందులోనూ చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళయితే, ఆ పుండును క్యాన్సర్ అనుమానంతో పరీక్ష చేయించుకోవాలి. తొలిదశలో పట్టుకుంటే నోటి క్యాన్సర్ నయమయ్యే అవకాశాలు ఎంతో ఎక్కువ.